ఐవీఎఫ్‌లో ఎంబ్రియోని ఏఐ ఎంచితే ఛాన్స్ పెరుగుతుందా? ల్యాబ్ లోపలి నుంచి సమాధానం

ముందు మీ ప్రశ్న. మీ వయసు 37. మొదటి ఐవీఎఫ్ సైకిల్ ఫలించలేదు. రెండోది మొదలుపెట్టే ముందు క్లినిక్ వాళ్లు ఎంబ్రియోలని (పిండాలని) పెంచుతూ లోపలే ఫొటోలు తీసే టైమ్‌లాప్స్ ఇంక్యుబేటర్, దాంతోపాటు ఏ ఎంబ్రియోని పెట్టాలో సాఫ్ట్‌వేర్ ఎంచే 'ఏఐ ఎంబ్రియో సెలక్షన్' తీసుకోమంటున్నారు. దానికి ఫీజు విడిగా. తీసుకుంటే ఛాన్స్ పెరుగుతుందా అన్నది మీ మొదటి సందేహం. రోబోలు ఇక్సీ (వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించడం) చేస్తున్నాయన్న వార్త ఎంతవరకు నిజం, మీవారి రిపోర్టులో వీర్యకణాలు దాదాపు సున్నా అని వచ్చింది కాబట్టి అక్కడ ఏఐ ఏమైనా చేయగలదా, మీ ఎంబ్రియోల ఫొటోలు ఎవరి చేతికి వెళ్తాయి, అసలు మనిషిని నమ్మాలా మెషీన్‌ని నమ్మాలా అన్నవి మిగతావి.

నేను చాలా ఏళ్లుగా ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మందులు, డోసుల విషయం మీ డాక్టరు చూసుకోవాల్సింది. నేను చెప్పేది ల్యాబ్ వైపు సంగతి.

సూటిగా చెప్పాలంటే, ఎంబ్రియోని ఏఐ ఎంచడం వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు. అలాగని ఈ రంగంలో ఏఐ, ఆటోమేషన్ వట్టి ప్రచారమే అనుకోకండి. అవి నిజంగా పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. వాటికి బ్రోషర్‌లో పెద్దగా చోటు దొరకదు, అంతే.

ఎంపిక అంటే ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఫలదీకరణ జరిగిన అండాల్లో కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి, మిగతావి ఐదో రోజుకో ఆరో రోజుకో, గర్భాశయంలో పెట్టడానికి సిద్ధమైన బ్లాస్టోసిస్ట్ దశకి వస్తాయి. అప్పుడు మేం మైక్రోస్కోపులో చూసి గ్రేడు ఇస్తాం. మీ రిపోర్టులో 4ఏఏ, 3బీబీ లాంటివి ఉండే ఉంటాయి. అంకె ఎంబ్రియో ఎంత విచ్చుకుందో చెబుతుంది. మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గుంపుకి, రెండోది మాయగా మారే బయటి పొరకి. ఇది కంటితో వేసే అంచనా. ఒకే ఎంబ్రియోకి ఇద్దరు ఎంబ్రియాలజిస్టులు వేరువేరు గ్రేడులు ఇవ్వడం మామూలే. అదే ఫొటోని అదే మనిషికి కొన్నాళ్ల తర్వాత చూపిస్తే ఇంకో గ్రేడు రావడం కూడా ఉంది.

ఏఐ ఇక్కడికే వచ్చింది. వేలాది ఎంబ్రియోల ఫొటోలు, వీడియోలు, వాటిలో దేనితో గర్భం నిలిచింది, దేనితో నిలవలేదు అన్న సమాచారం ఇచ్చి సాఫ్ట్‌వేర్‌కి నేర్పించారు. కొత్త ఎంబ్రియోని చూపిస్తే అది ఒక స్కోరు ఇస్తుంది. దానికి అలసట ఉండదు, మూడ్ ఉండదు. అదే ఫొటో ఎన్నిసార్లు చూపించినా అదే స్కోరు. ఈ నిలకడ నిజమైన లాభమే, కాదనను.

అయితే ఆ స్కోరు చేసేది ఒక్కటే పని, ఉన్న ఎంబ్రియోలని వరసలో పెట్టడం. మీకు నాలుగు బ్లాస్టోసిస్ట్‌లు వచ్చాయనుకుందాం. వాటిలో ఒకదానికే బిడ్డగా ఎదిగే శక్తి ఉందనుకుందాం. మంచి వరస అయితే అది మొదటి ట్రాన్స్‌ఫర్‌లోనే గర్భాశయం లోపలికి వెళ్తుంది, లేకపోతే మూడోసారో నాలుగోసారో. నాలుగూ ఫ్రీజింగ్ తట్టుకుని, ఒక్కొక్కటిగా అన్నీ ట్రాన్స్‌ఫర్ అయితే చివరికి ఫలితం ఒకటే. పేపర్ దిద్దే మాస్టారు మారినంత మాత్రాన పిల్లవాడు రాసిన జవాబు మారదు కదా. మంచి వరస వల్ల మిగిలేది కొన్ని నెలల కాలం, ఒకటి రెండు వృథా ట్రాన్స్‌ఫర్లు, ప్రతిసారీ రిజల్టు కోసం ఎదురుచూసే టెన్షన్. ఇవి చిన్నవని నేననను. కానీ 'ఛాన్స్ పెరుగుతుంది' అన్న మాటకి జనం చెప్పుకునే అర్థం ఇది కాదు.

ఇక చేతికి ఒక్క ఎంబ్రియోనే వస్తే స్కోరు ఎంతైనా పెట్టేది దాన్నే. ముప్పై ఏడేళ్ల వయసులో చాలామందికి ఒకటి లేదా రెండే మిగులుతాయి. అప్పుడు వరస పెట్టడానికి ఏముంటుంది?

ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. తక్కువ స్కోరు వచ్చినదాన్ని పక్కన పెడితే ఫరవాలేదు, పారేస్తే నష్టం. గ్రేడు బాగాలేని ఎంబ్రియోలతో పుట్టిన ఆరోగ్యవంతమైన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. అందుకే క్లినిక్‌ని ముందే అడగండి: స్కోరు తక్కువ వచ్చిందన్న ఒక్క కారణంతో ఎంబ్రియోని ఫ్రీజ్ చేయకుండా వదిలేస్తారా? అవునంటే ఆ సాఫ్ట్‌వేర్ మీ అవకాశాన్ని పెంచకపోగా తగ్గించవచ్చు.

ఇప్పుడు ట్రయల్స్. 2024లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ ప్రశ్న మీదే చేసింది. ఆస్ట్రేలియా, యూరప్‌లలో 14 క్లినిక్‌లు, 1,066 మంది పేషెంట్లు. సగం మందికి ఏఐ ఎంచిన ఎంబ్రియో, సగం మందికి ఎంబ్రియాలజిస్టు ఎంచినది. గర్భం నిలిచినది ఏఐ వైపు 46.5 శాతం, మనుషుల వైపు 48.2 శాతం. ఆ ట్రయల్ లక్ష్యం కూడా పెద్దదేం కాదు. ఏఐ మనిషికన్నా 5 శాతం పాయింట్లకి మించి వెనకబడలేదని చూపిస్తే చాలనుకున్నారు. అదైనా గణాంకాల ప్రకారం నిరూపణ కాలేదు. అంటే ఏఐ చెడ్డదని కాదు, రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. తేడా గట్టిగా కనిపించింది టైములో. ఏఐకి పట్టినది సుమారు 21 సెకన్లు, మనుషులకి 208 సెకన్లు. మిగిలిన టైమ్ ల్యాబ్‌ది, ఫీజు మాత్రం మీది. ఈ లెక్క నాకు నచ్చదు, ల్యాబ్ మనిషిగానే చెబుతున్నా.

టైమ్‌లాప్స్ ఇంక్యుబేటర్ విషయం కూడా ఇలాగే ఉంది. అందులో లోపలే కెమెరా ఉంటుంది, కొన్ని నిమిషాలకొకసారి ఫొటో తీస్తుంది. ఎంబ్రియోలని చూడటానికి బయటికి తీయక్కర్లేదు. 2024లోనే 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో బ్రిటన్, హాంకాంగ్‌లలోని ఏడు సెంటర్ల నుంచి 1,575 మందిని మూడు గుంపులు చేశారు. టైమ్‌లాప్స్ ఫొటోల ఆధారంగా ఎంబ్రియోని ఎంచిన గుంపులో 33.7 శాతం మందికి బిడ్డ పుట్టింది. అదే ఇంక్యుబేటర్‌లో ఉంచి, ఫొటోలని లెక్కలోకి తీసుకోకుండా ఎంచిన గుంపులో 36.6 శాతం. మామూలు ఇంక్యుబేటర్, మామూలు పద్ధతిలో 33.0 శాతం. గణాంకాల లెక్కలో ఈ మూడింటికీ తేడా లేనట్టే.

మరి టైమ్‌లాప్స్ ఎందుకూ పనికిరాదా? ల్యాబ్‌కి పనికొస్తుంది. ఫలదీకరణ జరిగిందో లేదో చూడటానికి మాకు కొద్ది గంటల వ్యవధే ఉంటుంది. ఆ గుర్తులు మేం చూసేలోపే మాయమైతే, వీడియో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఒక కణం రెండుగా కాక ఒకేసారి మూడుగా విడిపోయిన సందర్భాలు కూడా వీడియోలోనే దొరుకుతాయి. అలాంటివి వరసలో కింద పెడతాం. మీ క్లినిక్‌లో అందరికీ అదే ఇంక్యుబేటర్ వాడుతూ, విడిగా ఫీజు లేకపోతే సంతోషంగా ఒప్పుకోండి.

'మా ఏఐ కచ్చితత్వం 90 శాతం' లాంటి పోస్టర్లు చూసినప్పుడు ఆ అంకె వెనక ఏముందో అడగాలి. మూడో రోజుకే ఆగిపోయిన ఎంబ్రియోలని కూడా 'ఫెయిల్' లెక్కలో కలిపితే కచ్చితత్వం చక్కగా పెరుగుతుంది. కానీ వాటిని గుర్తుపట్టడానికి ఏఐ ఎందుకు, నిన్న చేరిన ట్రైనీ కూడా చెప్పగలడు. అసలు పరీక్ష ఏమిటంటే, పక్కపక్కనే ఉన్న రెండు మంచి బ్లాస్టోసిస్ట్‌లలో ఏది నిలుస్తుందో చెప్పడం. అక్కడ అంకెలు బాగా కిందికి దిగుతాయి. పైగా సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నది గర్భం నిలవడం గురించా, బిడ్డ పుట్టడం గురించా అన్నది కూడా ముఖ్యమే, ఆ రెండింటి మధ్య అబార్షన్లు ఉంటాయి. ఇంకో చిక్కు ఉంది. ఒక ల్యాబ్‌లోని మైక్రోస్కోపు, లైటు, ఎంబ్రియోలని పెంచే ద్రవం (కల్చర్ మీడియా) మీద నేర్చుకున్నది ఇంకో ల్యాబ్‌లో అంతే బాగా పనిచేస్తుందన్న హామీ లేదు. దానికి నేర్పిన డేటాలో ఫలితం తెలిసినవి ఎక్కువగా మేం ముందే మంచివని ఎంచి ట్రాన్స్‌ఫర్ చేసినవే. కాబట్టి అది కొంతవరకు మా ఇష్టాయిష్టాలనే నేర్చుకుని మాకే తిరిగి అప్పజెబుతోంది.

ఫొటో చూసి క్రోమోజోములు సరిగా ఉన్నాయో లేదో చెప్పే ఏఐ మీద కూడా పరిశోధన నడుస్తోంది. అమెరికాలోని వైల్ కార్నెల్ వాళ్లు 2022లో ప్రకటించిన 'స్టార్క్-ఏ' మోడల్ దాదాపు 70 శాతం సరిగా చెప్పింది. నాణెం ఎగరేస్తే 50 శాతం సరిపోతుందని గుర్తుపెట్టుకోండి. ముందు దేన్ని పెట్టాలా అని ఆలోచించడానికి అది కొంత సాయం. ఎంబ్రియో నుంచి కొన్ని కణాలు తీసి (బయాప్సీ) చేసే పరీక్షకి బదులు మాత్రం కాదు. ఇక ఎంబ్రియోకి రేపు ఏ జబ్బులు వస్తాయో, ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎంత తెలివి ఉంటుందో స్కోరు ఇస్తామని కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ఆ పరీక్ష ఇప్పుడే వైద్యంలోకి రాకూడదని యూరప్‌లోని సంతాన వైద్యుల సంఘం, అమెరికా సంఘం రెండూ అంటున్నాయి. ఎవరైనా దాన్ని మీ ప్యాకేజీలో కలిపితే తీసేయమనండి.

ఇప్పటిదాకా చెప్పింది వరస పెట్టడం గురించి. అంతకన్నా ముందు దశలో, అసలు మంచి అండాలు ఎక్కువ రావడానికి ఏఐ చేసే సాయం మీద నాకు ఎక్కువ ఆశ ఉంది.

ఇంజెక్షన్లు మొదలయ్యాక స్కానింగ్‌లో ఫాలికల్స్ (అండాలు పెరిగే సంచులు) కొలుస్తారు, ఒక సైజుకి రాగానే అండాలు పక్వం కావడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇస్తారు, సుమారు 36 గంటలకి ఎగ్ పికప్, అంటే అండాలు బయటికి తీయడం. ట్రిగ్గర్ ఎప్పుడివ్వాలి అన్నదానికి చాలాకాలంగా ఉన్న సూత్రం, పెద్ద ఫాలికల్స్ రెండు మూడు 17 లేదా 18 మిల్లీమీటర్లు దాటాలని. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు యూరప్‌లోని 11 సెంటర్ల నుంచి 19,082 మంది వివరాలు తీసుకుని, ఏ సైజు ఫాలికల్స్ నుంచి పక్వమైన అండాలు ఎక్కువ వస్తున్నాయో ఏఐతో చూశారు. 2025 జనవరిలో ప్రచురించారు. 13 నుంచి 18 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవే ఎక్కువ ఇస్తున్నాయని తేలింది. పెద్దవాటి కోసం ఎదురుచూస్తూ పోతే, 18 దాటినవి ఎక్కువైనప్పుడు ప్రొజెస్టిరాన్ హార్మోన్ ముందే పెరిగి, అదే సైకిల్‌లో ఫ్రీజ్ చేయకుండా ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్లలో ఫలితం తగ్గుతున్నట్టు కూడా కనిపించింది.

ఇది పాత రికార్డుల మీద చేసిన విశ్లేషణ. కొత్త పేషెంట్ల మీద చేసే ట్రయల్‌లో కూడా నిలబడాలి. అయినా నాకు నచ్చడానికి కారణం ఉంది. ఎంబ్రియో స్కోరు ఎందుకు 8 వచ్చింది, ఎందుకు 5 వచ్చింది అంటే చాలా సాఫ్ట్‌వేర్లు చెప్పలేవు. ఇక్కడ మాత్రం ఏ సైజు ఎంత తోడ్పడిందో డాక్టరు చూడగలరు, అనుమానం వస్తే కాదనగలరు. మీ మొదటి సైకిల్‌లో పికప్ చేసిన అండాల్లో ఎన్ని పక్వంగా ఉన్నాయో ఒకసారి చూడండి. పదికి ఐదో ఆరో మాత్రమే పక్వమైతే, ట్రిగ్గర్ టైమింగ్ గురించి డాక్టరుతో మాట్లాడటం ఏఐ ప్యాకేజీకన్నా ఎక్కువ ఉపయోగం.

స్కానింగ్ కొలతల్లోనూ ఆటోమేషన్ వచ్చి చాలాకాలమే అయింది. త్రీడీ స్కాన్ తీస్తే మెషీనే ఫాలికల్స్ గుర్తించి, ఒక్కో రంగు వేసి, సైజులు లెక్కగడుతుంది. ఇవాళ ఒకరు, ఎల్లుండి ఇంకొకరు స్కాన్ చేసినప్పుడు వచ్చే తేడాలు దీనివల్ల తగ్గుతాయి. డోసు విషయంలో కూడా అంతే. అండాలు పెరగడానికి ఇచ్చే ఫాలిట్రోపిన్ డెల్టా అనే మందు డోసుని ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో సూచించే హార్మోన్), శరీర బరువు కలిపి ఒక సూత్రంతో నిర్ణయిస్తారు. అది చాలా దేశాల్లో కొన్నేళ్లుగా వాడుకలో ఉంది. దాన్ని ఎవరూ ఏఐ అనరు, కాబట్టి వార్తల్లోకి రాదు.

మీవారి సంగతి. అక్కడ ఏఐ చేస్తున్నది వరస పెట్టడం కాదు, దొరకనిదాన్ని వెతకడం. అందుకే నేను దాన్ని వేరే గాటన కడతాను.

వీర్యంలో కణాలు అసలు కనిపించని స్థితిని అజూస్పెర్మియా అంటారు. మగవాళ్లలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. కొందరిలో నిజంగానే ఉండవు, కొందరిలో అరకొరగా ఒకటి రెండు ఉంటాయి, కానీ చెత్త కణాల మధ్య కనబడవు. అలాంటి శాంపిల్ వస్తే మేం చుక్క చుక్కగా గంటల తరబడి వెతుకుతాం. కళ్లు లాగేస్తాయి, మెడ పట్టేస్తుంది, చివరికి 'లేవు' అని రాయాల్సి వస్తుంది. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ ఫెర్టిలిటీ సెంటర్ వాళ్లు దీనికోసం 'స్టార్' అనే పద్ధతి తయారుచేశారు. వెంట్రుకంత సన్నని కాలువలున్న చిప్‌లోంచి శాంపిల్‌ని పంపుతూ, వేగంగా తీసే కెమెరాతో లక్షల్లో ఫొటోలు తీస్తారు. ఏఐ వాటిలో వీర్యకణాన్ని గుర్తుపట్టగానే, ఆ కణం ఉన్న కాస్త ద్రవాన్ని మాత్రం పక్కకి మళ్లించి పట్టుకుంటారు. హాని చేసే లేజర్లు, రంగులు వాడరు. దాదాపు ఇరవై ఏళ్లుగా ప్రయత్నిస్తున్న ఒక జంటకి ఈ పద్ధతితో గర్భం నిలిచిందని 2025లో ప్రకటించారు. మనుషులు వదిలేసిన శాంపిల్‌లో మెషీన్ కణాలు పట్టుకోగలదని చూపించడం చిన్న విషయం కాదు.

ఇది ఇంకా అన్నిచోట్లా దొరికేది కాదు. కణం దొరికినంత మాత్రాన బిడ్డ ఖాయమూ కాదు. ఈలోగా చేయాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్క రిపోర్టు చూసి సున్నా అనుకోకండి, కొన్ని వారాల తేడాతో మళ్లీ పరీక్ష చేయించండి. శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినదాన్ని వెతికారా అని అడగండి. ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ హార్మోన్లు, కేరియోటైప్ (మొత్తం క్రోమోజోముల పరీక్ష), వై క్రోమోజోమ్ పరీక్ష చేయించారా అన్నది కూడా. దారి మూసుకుపోవడం వల్ల కణాలు బయటికి రాకపోతే ఒక చికిత్స, తయారీయే తక్కువైతే మైక్రో టెసీ అనే ఆపరేషన్‌తో వృషణంలోంచి తీసే ప్రయత్నం. ఇవన్నీ ఆండ్రాలజిస్టు (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టరు) దగ్గర జరగాల్సినవి. చాలా జంటల్లో ఆడమనిషికి డజను పరీక్షలు అయిపోయినా మగమనిషి ఒక్కసారి కూడా ఆండ్రాలజిస్టు ముఖం చూసి ఉండడు. అది నాకు ఎప్పుడూ చిరాకే.

రోబోల వార్త నిజమే. ఇక్సీ 1992లో బ్రస్సెల్స్‌లో మొదలైనప్పటినుంచి పద్ధతి పెద్దగా మారలేదు. ఒక సన్నని గాజు పిప్పెట్‌తో అండాన్ని పట్టుకోవాలి. ఇంకో పిప్పెట్‌తో వీర్యకణం తోకని నొక్కి కదలకుండా చేసి, లోపలికి పీల్చి, అండం పొరని ఛేదించి దాన్ని వదలాలి. చేయి తిరగడానికి చాలా కాలం పడుతుంది, తిరిగిన చేతులు అందరివీ ఒకేలా ఉండవు. 2023లో ఓవర్చర్ లైఫ్ అనే కంపెనీ, తమ రోబో సూదితో ఫలదీకరణ జరిగిన ఎంబ్రియోల నుంచి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారని ప్రకటించింది. ఆ పని చేసిన ఇంజినీర్లలో ఒకరికి ఈ రంగంలో అనుభవమే లేదు, గేమ్ కంట్రోలర్ పట్టుకుని సూదిని నడిపాడు. 2025లో కన్సీవబుల్ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. మెక్సికోలోని గ్వాదలహారా క్లినిక్‌లో, ఇక్సీలోని 23 అంచెలనూ మెషీన్‌తో చేయించారు. కొన్ని ఆదేశాలు 3,700 కిలోమీటర్ల దూరంలో ఉన్న న్యూయార్క్ వైపు నుంచి ఇచ్చారు. అయిదు అండాల్లో నాలుగు ఫలదీకరణ చెందాయి, వాటిలో ఒకదానితో 40 ఏళ్ల మహిళకి మగబిడ్డ పుట్టాడు. ఒక్కో అండానికి దాదాపు పది నిమిషాలు పట్టింది. చేయి తిరిగిన ఎంబ్రియాలజిస్టుకి అంత టైమ్ అక్కర్లేదు.

కాబట్టి, సాధ్యమని తేలింది. మనిషి చేతికన్నా మేలని తేలాలంటే వందల కేసుల ట్రయల్ కావాలి. నా అంచనా ఏమిటంటే, రోబో అత్యుత్తమ ఎంబ్రియాలజిస్టుని ఓడించక్కర్లేదు. అనుభవం తక్కువున్న చేతుల్లో కూడా ఫలితం పడిపోకుండా చూస్తే చాలు, దానికి విలువ ఉంటుంది. సరైన ఎంబ్రియాలజిస్టులు దొరకడమే కష్టంగా ఉన్న చోట్ల అది పెద్ద మార్పే. ప్రస్తుతానికి మీ క్లినిక్ 'రోబోటిక్ ఐవీఎఫ్' అంటే, ఏ అంచెలో రోబో ఉందో చెప్పమనండి. ఎంబ్రియోలు ఉంచే డిష్‌లు సిద్ధం చేయడమా, ఫ్రీజింగా, ఇక్సీయా? జవాబు తడబడితే అది బోర్డు మీది రోబో మాత్రమే.

మనిషి నమ్మకమా మెషీన్ నమ్మకమా అన్నారు. ఈ ప్రశ్నకి జవాబు నిజంగా మెషీనే అని నేను చెప్పగలిగే చోటు ఒకటుంది, గుర్తింపు. ల్యాబ్‌లో మేం అన్నిటికన్నా ఎక్కువ భయపడేది డిష్‌లు తారుమారు కావడానికి. పాత పద్ధతిలో ప్రతి అంచెలో ఇద్దరం నిలబడి, పేరు బయటికి చదివి, సంతకాలు పెట్టేవాళ్లం. పనులు ఎక్కువైన రోజున రెండో మనిషి తలెత్తకుండానే 'ఊఁ' అనే ప్రమాదం ఉంటుంది. ఇప్పుడు డిష్ అడుగున ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ (రేడియో సంకేతంతో గుర్తించే చిన్న చిప్) అంటిస్తారు. పని బల్ల మీద రీడర్ ఉంటుంది. రెండు జంటల డిష్‌లు ఒకే చోటికి వస్తే వెంటనే అలారం మోగుతుంది, ముందుకెళ్లనివ్వదు. కొన్ని చోట్ల బార్‌కోడ్, కెమెరా. దీనివల్ల గర్భం నిలిచే శాతం ఒక్క పాయింటు కూడా పెరగదు. మీ బిడ్డ మీ బిడ్డే అన్న భరోసా ఉంటుంది. ఏఐ స్కోరు ఉందా అని అడిగే ముందు, ఇలా మెషీన్‌తో సరిచూసే ఎలక్ట్రానిక్ విట్నెసింగ్ ఉందా అని అడగండి.

ఫ్రీజింగ్ ట్యాంకుల సంగతి కూడా అంతే. ఎంబ్రియోలు మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ఉంటాయి. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో ఒక ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగి 4,000కి పైగా అండాలు, ఎంబ్రియోలు పోయాయి. దూరంగా ఉన్న సిబ్బందిని హెచ్చరించాల్సిన అలారం ఆపేసి ఉంది. అదే వారాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే క్లినిక్ ట్యాంకు కూడా పాడైంది. ఈ రోజుల్లో నైట్రోజన్ మట్టం, ట్యాంకు బరువు, ఉష్ణోగ్రత అన్నీ సెన్సర్లే చూసి ఫోన్‌కి హెచ్చరిక పంపగలవు. కానీ సెన్సర్ ఉండటం ఒకటి, అర్ధరాత్రి అలారం మోగితే లేచి వెళ్లే మనిషి ఉండటం ఇంకొకటి. రెండూ అడగండి.

మీ ఫొటోల గురించి. ఎంబ్రియో ఫొటో ఒక్కటే చూసి అది మీదని ఎవరూ గుర్తుపట్టలేరు. కానీ దానితోపాటు వయసు, హార్మోన్ రిపోర్టులు, పాత అబార్షన్లు, ఫలితం కూడా వెళ్తే అప్పుడది సున్నితమైన సమాచారం. కొన్ని సాఫ్ట్‌వేర్లు క్లినిక్ కంప్యూటర్లోనే పనిచేస్తాయి, కొన్నింటికి ఫొటోలు కంపెనీ సర్వర్‌కి వెళ్లాలి. కన్సెంట్ ఫారంలో చూడాల్సింది, స్కోరు కోసం వాడటానికీ, కంపెనీ తన మోడల్‌కి నేర్పించుకోవడానికి వాడటానికీ వేరువేరు సంతకాలున్నాయా అన్నది. రెండోదానికి మీరు వద్దనవచ్చు. వద్దన్నా చికిత్సలో తేడా రాకూడదు. ఒకసారి మోడల్ నేర్చుకున్నాక తర్వాత సమ్మతి వెనక్కి తీసుకున్నా, నేర్చుకున్నదాన్ని మరిపించడం కష్టం, కాబట్టి ఆలోచించాల్సింది సంతకానికి ముందే.

ఇక ఆ ప్యాకేజీ. నిర్ణయానికి ముందు మొదటి సైకిల్ ల్యాబ్ షీటు కాపీ అడిగి తీసుకోండి, అది ఇవ్వడానికి ఏ మంచి క్లినిక్ వెనకాడదు. అందులో నాలుగు అంకెలు చూడండి: ఎన్ని అండాలు వచ్చాయి, ఎన్ని పక్వమయ్యాయి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఎన్ని బ్లాస్టోసిస్ట్ దాకా వచ్చాయి. అండాలే తక్కువైతే డోసు, మందులిచ్చే పద్ధతి (ప్రోటోకాల్) గురించి మాట్లాడాలి. పక్వమైనవి తక్కువైతే ట్రిగ్గర్ గురించి. ఫలదీకరణ దగ్గరే దెబ్బతింటే ఇక్సీ, వీర్యకణాల నాణ్యత గురించి, మీ విషయంలో ఇది కొట్టిపారేయలేం. ఫలదీకరణ బాగానే జరిగి మూడో రోజు తర్వాత అన్నీ ఆగిపోతుంటే, అండం నాణ్యత, వీర్యకణం డీఎన్ఏ, ల్యాబ్ పరిస్థితులు, మూడింటినీ చూడాలి. ఈ నాలుగు చోట్లా ఎంబ్రియో స్కోరు చేయగలిగిందేమీ లేదు. మంచి బ్లాస్టోసిస్ట్‌లు నాలుగైదు వచ్చి, పెట్టినవి నిలవకపోయి ఉంటేనే ఎంపిక అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా 37 ఏళ్ల వయసులో ముందుగా మాట్లాడాల్సింది క్రోమోజోముల పరీక్ష కావాలా వద్దా అన్నది. దానికీ లాభనష్టాలున్నాయి, డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

చివరగా ఒక వెసులుబాటు ఉంది, కౌంటర్‌లో దాన్ని ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. కొన్ని ఏఐ సాఫ్ట్‌వేర్లకి మొదటి రోజు నుంచీ వీడియో కావాలి. కొన్నింటికి ఐదో రోజు తీసిన ఒక్క ఫొటో చాలు. మీ క్లినిక్‌ది రెండో రకమైతే ఇప్పుడే డబ్బు కట్టక్కర్లేదు, ఐదో రోజు ఎన్ని బ్లాస్టోసిస్ట్‌లు వచ్చాయో చూసుకుని చెబుతామనండి. ఒకటో రెండో అయితే ఆ ఫీజు మీ దగ్గరే ఉంటుంది, తర్వాతి ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ ఖర్చుకి పనికొస్తుంది.